బూరె ఆగిన చోటు

మంచులో కొండెక్కాలన్న సరదా నాది కాదు. లీడ్స్‌లో మా పక్కింటి సరోజ ఆంటీది. రాజమండ్రి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు ఇక్కడి హాస్పిటల్లో నర్సుగా చేసి, ఈమధ్యే రిటైరయ్యారు. ఆవిడ ఆదివారాలు చాలావరకు హాస్పిటల్ డ్యూటీల్లోనే గడిచిపోయేవి. అంకుల్ మాత్రం టిఫిన్ డబ్బా సర్దుకుని, బూరెను వెంటబెట్టుకుని, పెనీగెంట్ కొండకు వెళ్ళేవారు. బూరె అంటే వాళ్ళ కుక్క. గోధుమరంగు లాబ్రడార్, ఒళ్ళు కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఆంటీకి సెలవున్న రోజున రమ్మని పిలిచినా, అంత ఎత్తు ఎక్కడం తన వల్ల కాదని ఆవిడ ఇంట్లోనే ఉండిపోయేవారు. పోయిన వేసవిలో అంకుల్ కాలం చేశారు. "మీ అంకులు నిలబడే చోట నేనూ ఒక్కసారి నిలబడాలమ్మాయ్. పైనుంచి సముద్రం కనబడతాదని చెప్పేవోరు" అని జనవరిలో ఆంటీ అడిగితే కాదనలేకపోయాను.

ఐసు మీద కారు నడిపే ధైర్యం ఇద్దరికీ లేదు కాబట్టి రైలెక్కాం. లీడ్స్ నుంచి కొండ కింద ఉన్న హార్టన్ ఊరికి గంటా పావు పైచిలుకు పడుతుంది. కుక్కకు టికెట్ అక్కర్లేదు. అయితే శీతాకాలంలో నాలుగింటికల్లా చీకటి పడుతుంది, పొద్దున్నే బయల్దేరాలి. బూరె కాళ్ళకు మంచు పట్టకుండా ఆంటీ ఇంట్లోనే నాలుగు పాదాలకూ కొబ్బరినూనె పట్టించి తెచ్చారు. స్కిప్టన్ స్టేషన్ వచ్చేలోపు బూరె ఆ నూనెనంతా శ్రద్ధగా నాకేసి, ఇంకా ఉందా అన్నట్టు ఆవిడ వైపు చూసింది.

"మా పిల్లకి చిన్నప్పుడు ఇదే రాసేదాన్ని. ఎంచక్కా పనిచేసేది" అన్నారు ఆంటీ.

"మీ పిల్ల పాదాలు నాకేది కాదు కదా ఆంటీ" అన్నాను.

స్టేషన్ నుంచి ఊళ్ళోకి దిగి, చర్చి దాటాక ఎడమ పక్కనున్న చిన్న రోడ్డు పట్టుకుంటే దారి పొలాల్లోకి ఎక్కుతుంది. మొదటి గేటు దగ్గరే బూట్లకు ఇనుప ముళ్ళ పట్టీలు తొడుక్కున్నాం. గొర్రెలు తిరిగే చోటు కాబట్టి బూరెకు తాడు తీయలేదు. నూనె లేని ఆ పాదాల్లో, వేళ్ళ సందుల్లో మంచు ఉండలు కట్టసాగింది. ప్రతి పొలం చివరా ఆంటీ గ్లవ్స్ తీసి, ఆ ఉండల్ని అరచేతి వేడితో కరిగించేవారు. ఆవిడ వేళ్ళు ఎర్రబడిపోయాయి. నేను చేస్తానన్నా వినలేదు. ఎండ వచ్చింది, గాలి లేదు, శిఖరం దగ్గరగానే కనిపిస్తోంది. ఇంకో గంటలో పైన ఉంటామని నేను ధీమాగా చెప్పాను.

శిఖరం కింద దారి నిట్టనిలువుగా రాళ్ళ మీదికి లేచే చోట ఆఖరి రాతిగోడ ఉంది. అక్కడికి రాగానే బూరె దారి వదిలేసింది. గోడ వెనక్కి నన్ను లాక్కెళ్ళి, ఒక పలక రాయి మీది మంచును ముందుకాళ్ళతో తవ్వి, దాని పక్కన చతికిలబడింది. నేను తాడు లాగాను, బిస్కెట్ చూపించాను, ఆంటీ బతిమాలారు. దాని చూపంతా ఆంటీ సంచీలో ఉన్న పెరుగన్నం డబ్బా మీదే ఉంది.

అప్పుడే పైనుంచి చేతికర్రల మీద ఆనుకుంటూ ఒక పెద్దాయన దిగాడు. ఆ చుట్టుపక్కల ఊరివాడేనట, అక్కడి పెద్దవాళ్ళలాగే అందరినీ 'లవ్' అని పిలిచే రకం. "పైన అంతా అద్దంలా గడ్డకట్టిన ఐసు, లవ్. కుక్కతో వెళ్ళకండి" అంటూనే బూరెను గుర్తుపట్టి దాని చెవులు నిమిరాడు. "దీని ఓనర్ రాలేదా? ఈ రాయి మీద కూర్చుని నాక్కూడా అన్నం పెట్టేవాడు. ఎన్నిసార్లు పిలిచినా పైకి వచ్చేవాడు కాదు. మోకాళ్ళు ఒప్పుకోవనేవాడు" అన్నాడు.

అంకుల్ ఇక లేరని నేనే చెప్పాను. ఆ పెద్దాయన టోపీ తీసి, ఆంటీ చెయ్యి కాసేపు పట్టుకుని, మెల్లగా దిగిపోయాడు.

ఆంటీ మంచు దులిపి ఆ రాయి మీద కూర్చున్నారు. ముందు నవ్వొచ్చింది ఆవిడకి. "చూసేవా! సముద్రవంట, ఓడలంట... నాకెన్ని కబుర్లు చెప్పేరో!" అన్నారు. డబ్బా తీసి మొదటి ముద్ద బూరెకు పెట్టారు. రెండో ముద్ద కలుపుతూ కలుపుతూ డబ్బాలోనే వదిలేశారు.

"ఇంతే దూరవని చెప్పుంటే నేనూ వచ్చేదాన్ని కదమ్మాయ్."

పక్కన కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేశాను. చల్లబడి బిగిసిపోయిన పెరుగన్నం ముగ్గురం తిన్నాం. ఇక పైకి వెళ్దామా అని నేను అడగలేదు, ఆవిడా అనలేదు. లేచే ముందు ఆంటీ గోడ మీదుగా ఆ లోయనంతా, అడుగున చిన్నగా కనిపిస్తున్న రైలు పట్టాలతో సహా, తీరిగ్గా చూసుకున్నారు.

దిగుతున్నప్పుడు అంకుల్ మీద నాకు కోపం వచ్చింది, జాలీ వేసింది. మోకాళ్ళ నొప్పి భార్య దగ్గర దాచి, శిఖరం ఎక్కానన్న ఆ ఒక్క గొప్ప కోసం అన్ని ఆదివారాలు ఒక్కరే కూర్చుని తిన్నారు. ఆవిడేమో తను ఎక్కలేని ఎత్తనుకుని ఇంట్లోనే ఉండిపోయారు. ఇద్దరికీ సరిపోయేంత చోటు ఆ రాయి మీద ఉంది. శీతాకాలంలో ఈ కొండకు వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగే సలహా ఒక్కటే: ఏ దారిన వెళ్తున్నారో, ఎక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతారో బయల్దేరే ముందే ఇంట్లోవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి. ఏదైనా జరిగితే వెతకడానికి పనికొస్తుంది. అంతే దూరమైతే, వాళ్ళూ వస్తామంటారేమో.