అమ్మోరికి పనికిరాని కోడి

దాలమ్మ పదకొండేళ్లు కోడిపిల్లల ముక్కులు కోసింది. కొత్తవలస అవతల గుడ్లకోళ్ల షెడ్లలో అదీ ఒక ఉద్యోగమే. పది రోజుల పిల్లను గుప్పిట్లో పట్టుకుని, ఎర్రగా కాలిన బ్లేడు కింద ముక్కు కొన పెట్టాలి. చుయ్‌మంటుంది. ఇంకో పిల్ల. ఇరుకు బోనులో పిచ్చెత్తి ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఈ ఏర్పాటు. బోను పెద్దది చేస్తే పొడుచుకోవు కదా అని ఆమెకు తోచింది గానీ, ఆలోచనలకు జీతమివ్వరు.

ఆ మాడు వాసన అన్నం ముద్దలో కూడా తగులుతుంటే మానేసింది. షెడ్ల యజమాని హరిబాబు దయతలచి (దయ అన్నది అతని మాట) గుడ్లు తగ్గిన ముసలి కోళ్లను సంతలో అమ్ముకోమని వ్యాన్‌లో పంపేవాడు. ఆ కోళ్ల గంప ఉన్నంతకాలం బ్లేడు దగ్గరికి తిరిగి వెళ్లక్కర్లేదు. ఆమెకు కావలసింది అదే. ఇంకో ఆశ కూడా ఉండేది: కొనేవాళ్లలో ఒక్కరైనా ఆ ముక్కు చూసి ఇదేమిటని అడగాలి. మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు. రెక్క ఎత్తి కండ నొక్కి చూసేవారు, అంతే.

చివరికి కాంతం అడిగింది. మనవడి జ్వరం తగ్గితే అమ్మోరికి కోడినిస్తానని మొక్కుకున్న మనిషి. మొక్కు కోడికి అవకరం ఉండకూడదు. అందుకని కన్ను, కాలు, ముక్కు అన్నీ తడిమింది.

“ఏటే దాలమ్మా, దీని ముక్కు సగమే ఉన్నాది?”

దాలమ్మ గంప వదిలేసి దగ్గరికి వచ్చింది. “కోసేసినారు వదినా. నాను కోసినవే ఎన్ని వేలో. బోనుకి నాలుగు, రెక్క సాపడానికి సోటుండదు. గోళ్లు సూడు, తీగని పట్టుకుని పట్టుకుని వంకర్లు పోనాయి. మన్నంటే ఏటో దీనికి తెల్దు.”

జనం మూగారు. కాంతం కోడలు అనూరాధ ఫోను తీసింది. “ఇంకోపాలి సెప్పు పిన్నీ, మొదట్నించి.”

దాలమ్మ మొదట్నించి చెప్పింది. ఎవరో “అయ్యో” అన్నారు.

“పాపం,” అంది కాంతం. “అమ్మోరు ఇలాటిది ముట్టదు. నాటుకోడి ఎక్కడున్నాదో సూడాల.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “ఇంటికి రెండియ్యి. అవిటివి గదా, తగ్గించి ఇయ్యి.”

“ఇప్పుడే గదా వదినా సెప్పినాను!”

“ఇన్నాన్లేయే. అమ్మోరికి ముక్కు గావాల. కూరకి ముక్కెందుకే?”

సంత నవ్వింది. గంప పెందలాడే ఖాళీ అయింది.

జనం తెలియక తింటున్నారు, తెలిస్తే మారతారు అంటుంటారు చదువుకున్నవాళ్లు. ఆ రోజు అక్కడున్నవాళ్లందరికీ తెలిసింది.

వీడియో ఊళ్లు తిరిగింది. చూసినవాళ్లలో ఎక్కువమంది అడిగింది, కోళ్లు ఏ సంతలో దొరుకుతాయని. హరిబాబు పేరు దాలమ్మ ఎత్తలేదు. వీడియోలో ఆమె వెనకాల ఆగి ఉన్న వ్యాన్ మీద ఆ పేరు ఉంది. పై వారం వ్యాన్ రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఆమే షెడ్డుకు వెళ్లింది.

“నా పరువు సంతలో పెట్టినావు,” అన్నాడు హరిబాబు. “కోళ్ల మాటెత్తకు. ముక్కులు కోసే మనిసి మానేసినాది. వస్తానంటే రా.”

వెళ్లింది. మిషను కొత్తది. మొదటి పిల్ల గుప్పిట్లో వెచ్చగా కదిలి ఆమె వేలిని పొడిచింది. దానికింకా ముక్కుంది. దాలమ్మ బ్లేడు ఎర్రబడేదాకా ఆగింది.