వెలి అనే మాట

ఈ రోజు పక్కింటి రాజవ్వ భర్త చనిపోయాడు. వాళ్ల బిడ్డ వేరే కులంవాణ్ణి పెళ్లాడిందని మా కులపెద్దలు ఆ ఇంటిని ముందే వెలివేశారు. చావింట్లో పొయ్యి ముట్టించరు, కులంవాళ్లే అన్నం తేవాలి. ఎవరూ తేలేదు. నేను గిన్నెతో బయలుదేరితే మా మామ అడ్డుపడ్డారు.

"వెలేసినోళ్ల ఇంటికి పోతవా?"

"వెలి అంటే బయట అనే గద మామా. వెలుపల అన్న మాట గూడ దాంట్లకెల్లే వచ్చింది. రాజవ్వ మన గోడ పక్కనే ఉన్నది."

"గది ఎన్కటి ముచ్చట. ఇప్పుడు వెలి అంటే నిప్పు, నీళ్లు బంద్."

అయినా వెళ్లాను. రాజవ్వ గిన్నె ముట్టలేదు.

"నిన్ను గూడ వెలేస్తరు, పో అక్కా," అని తలుపు మూసింది. గిన్నెతో అలాగే తిరిగి వచ్చేశాను.

ఈ సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టడానికి చేతులు రాలేదు. మీరైతే తిరిగి వచ్చేవారా?