సముద్రం కనిపించే గది

1984 ఫిబ్రవరి. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, ఒక డ్రైక్లీనింగ్ షాపుకీ డోనట్ షాపుకీ మధ్య ఇరుక్కున్న ట్రావెల్ ఏజెన్సీలో పనిచేస్తున్నాను. బయట మోకాలి లోతు మంచు. లోపల గోడల నిండా కొబ్బరిచెట్లు, నీలం నీళ్ళు, పళ్ళికిలిస్తున్న జంటల పోస్టర్లు. ఆ రోజుల్లో దీవుల్లోని హోటల్ సంగతి తెలియాలంటే లావుపాటి డైరెక్టరీ తిరగేయాలి, టెలెక్స్ కొట్టాలి, జవాబు కోసం కాచుక్కూర్చోవాలి. ఆ మిషన్ టకటకలాడుతూ కాగితం కక్కుతుంటే పరుగున వెళ్ళేవాళ్ళం. ఆ చప్పుడు ఇప్పుడెక్కడా వినిపించదు. నాకు మాత్రం బెంగగానే ఉంటుంది.

జమైకా హోటళ్ళంటే మా ఆఫీసులో నన్నే అడిగేవారు. అంతకు రెండేళ్ళ ముందు ఫ్యామ్ ట్రిప్‌కి వెళ్ళొచ్చాను మరి. అంటే హోటళ్ళవాళ్ళే ఏజెంట్లను పిలిచి, గదులు చూపించి, భోజనం పెట్టి పంపే ప్రయాణం. ఐదు రోజుల్లో పద్నాలుగు హోటళ్ళు చూశాను. కొండల్లో కాఫీ తోటల మధ్య పందిరిమంచాలున్న పాత బంగళా ఒకటి. ఉత్తర తీరంలో, ఎత్తయిన రాతిగట్టు మీద, ఒకప్పుడు సినిమా తారలు దిగేవారని చెప్పుకునే తెల్లటి హోటల్ ఒకటి. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పరుపులు నొక్కి చూశాను, కుళాయిలు తిప్పి చూశాను, అన్నీ నోటుబుక్కులో ఎక్కించాను. కాకినాడలో పుట్టినదాన్ని, సముద్రంలో రాసుకోవడానికేముంది అనుకున్నాను.

ఆ ఫిబ్రవరిలోనే మధుసూదన్ గారు, ఆయన భార్య సుగుణ గారు వచ్చారు. ఇద్దరిదీ కరీంనగర్ వైపు. ఆయన ఇంజనీరు, ఆవిడ ల్యాబ్‌లో సైంటిస్టు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆవిడకు కాళ్ళు చచ్చుబడ్డాయి. వీల్‌చైర్‌లోనే తిరుగుతారు.

"మా సుగుణకు సముద్రం చూడాలని ఎప్పటిసందో కోరికండి. మద్రాసుకు తీస్కపోత అని ఇరవై ఏండ్లు గడిపిన," అన్నారాయన. జేబులోంచి ఒక లిస్టు తీశారు. తలుపు వెడల్పు ఇరవై ఆరంగుళాలకు తగ్గకూడదు, గది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి, డైనింగ్ హాలుకి మెట్లుండకూడదు.

"గదిలోంచి సముద్రం కనిపించాలా?" అని అడిగాను.

"మంచం మీదకెల్లే కనిపించాలె."

సుగుణ గారు పోస్టర్ల వైపు చూస్తూ ఊరుకున్నారు. ఆవిడ కాఫీలో చక్కెర ఎంత వేయాలో కూడా నేను ఆయన్నే అడిగాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా వృత్తిలో ఓషన్ వ్యూ, ఓషన్ ఫ్రంట్ అని రెండు మాటలున్నాయి. మెడ సాచితే చెట్ల సందున నీళ్ళు కనిపించినా అది వ్యూ కిందికే వస్తుంది. ఫ్రంట్ అంటే గదికీ సముద్రానికీ మధ్య ఇంకే కట్టడమూ ఉండకూడదు. ఆరు హోటళ్ళకు టెలెక్స్ కొట్టాను. లిస్టులో ఉన్నవన్నీ ఉన్నాయని జవాబిచ్చింది ఆ తెల్లటి హోటల్ ఒక్కటే. ఎనిమిది రోజులకు ఓషన్ ఫ్రంట్ గది బుక్ చేసి, నా అంత ఏజెంట్ షికాగోలోనే లేదనుకున్నాను.

వాళ్ళు వెళ్ళిన మూడో రోజు జమైకా నుంచి కలెక్ట్ కాల్ వచ్చింది, అంటే డబ్బు మేం కట్టుకునే ఫోను.

"అక్కా, నేను సుగుణ. ఆయన బ్రేక్‌ఫాస్ట్‌కు పోయిండు, అందుకే చేసిన."

"గది బాగాలేదాండీ?"

"మస్తుగున్నది. మంచం మీదకెల్లి సముద్రం, బాత్రూంలకెల్లి సముద్రం. కానీ అక్కా, దాని దగ్గరికి ఎట్ల పోవాలె? కిందికి డెబ్బై మెట్లున్నయి."

మంచం నుంచి డైనింగ్ హాలు దాకా ప్రతి గడపా కనుక్కున్నాను. నీళ్ళ దాకా కనుక్కోలేదు.

"మీవారేమంటున్నారు?"

"బాల్కనీలకెల్లి చూస్తే చాలదా అంటడు. గది టీవీల చూసినట్టే ఉన్నదక్కా. నాకు నీళ్ళల్ల కూసోవాలె. గిప్పుడు గాకపోతే మల్ల నన్ను తీస్కరాడు."

పాత నోటుబుక్కు తీశాను. ఫ్యామ్ ట్రిప్‌లో పడమటి తీరాన మా బస్సు టైరు పంచరైతే, ఐవీ అనే పెద్దావిడ నడిపే చిన్న లాడ్జిలో టీ తాగాం. "రేకుల కప్పు. ముందంతా చేపల పడవలు. కస్టమర్లకు పనికిరాదు" అని నా చేతిరాతే ఉంది. ఆ లాడ్జికి ఫోన్ చేస్తే ఐదోసారికి లైను కలిసింది.

"మీ గుమ్మం నుంచి నీళ్ళ దాకా ఎన్ని మెట్లున్నాయి?"

"ఇసక మీద మెట్లెవరు కడతారమ్మా?" అందావిడ ఇంగ్లీషులో.

"మరి తలుపు వెడల్పు?"

"నేను పట్టేంత. నన్ను చూశావుగా!"

చూశాను. ఇక అంగుళాల ప్రసక్తి అక్కర్లేకపోయింది.

మధుసూదన్ గారికి ఫోన్ చేసి ఐవీ లాడ్జికి మారమంటే అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "చేపల వాసనల పెడ్తరా మమ్మల్ని? ఆమెకేమన్నయితే ఎవరు జిమ్మేదారు?"

"తప్పు నాదేనండీ. అన్నీ మిమ్మల్నే అడిగాను, ఆవిణ్ణి ఒక్క ముక్క అడగలేదు. మీరైనా ఒకసారి అడగండి," అన్నాను. ఆయన టక్కున ఫోన్ పెట్టేశారు. గంట తర్వాత మళ్ళీ చేసి, "టాక్సీ చెప్పండి," అన్నారు, అంతే.

వాళ్ళు తిరిగొచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. ఆయన అన్నట్టు ఆవిడకు నిజంగానే ఏమైనా అయితే అన్న భయం చెప్పలేనంత.

తర్వాతి వారం ఇద్దరూ ఆఫీసుకొచ్చారు. సుగుణ గారు ఎండకు నల్లబడి ఉన్నారు. కూర్చోబెట్టేలోపే మొదలుపెట్టారు.

"ఐవీ అమ్మ వంటింట్ల కుర్చీ తీస్కపోయి నీళ్ళల్ల ఏసింది అక్కా. పడవలోళ్ళు నలుగురు నన్ను ఎత్తుకపోయి అండ్ల కూసోబెట్టిన్రు. కాళ్ళు కదలయి గానీ సల్లదనం తెలుస్తది గదా. ఈయన ఎనుకకెల్లి కుర్చీ గట్టిగ పట్టుకున్నడు. వదులు అన్న. వదల్లే. మల్ల అన్న. వదిలిండు. గంతల్నే పెద్ద అలొచ్చి కుర్చీతోని సహా పడ్డ."

"నా పానం పోయిందండి," అన్నారు మధుసూదన్ గారు తల వంచుకుని.

"పైకి లేపేసరికి నోటినిండ నీళ్ళు. ఉప్పుంటదని సదివిన గానీ గంత ఉప్పని ఎవ్వరు చెప్పలే. ఒకటే నవ్వుడు నేను."

ఈసారి ఆవిణ్ణే అడిగాను. "భయం వెయ్యలేదా?"

"ఎందుకు కాలే? మస్తయింది. పెండ్లయినకాన్నుంచి నా భయం గూడ ఈయనే పడుతుండె అక్కా. ఆ ఒక్కనాడు నేనే పడ్డ."

మధుసూదన్ గారు కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు అదే పని చేశాను. టెలెక్స్ పోయింది, డైరెక్టరీలు పోయాయి. నా బల్ల ముందు ఎవరు కూర్చున్నా, వాళ్ళలో మాట్లాడకుండా ఉన్న మనిషి వైపు తిరిగి, "అక్కడికెళ్ళి మీరేం చేయాలనుకుంటున్నారు?" అని అడిగేదాన్ని. దాదాపు ప్రతిసారీ పక్కవాళ్ళే ముందు జవాబు చెప్పేవారు. విని, సరేనని, పెన్ను కింద పెట్టి, ఆ మనిషినే చూస్తూ ఆగేదాన్ని.