బడేఅబ్బా జోలికి పోవద్దు

మలక్‌పేటలో నేను పనిచేసే హాస్పిటల్‌లో కంప్యూటర్ల విభాగమంటే ఇద్దరమే, నేనూ, అందరూ భాయ్ అని పిలిచే మా సీనియరూ. సర్వర్ ఒక్కటే. మా మాదన్నపేట ఇంటిని పోర్షన్లు చేసి కిరాయికిచ్చినట్టు, దాని లోపల ఏడెనిమిది వర్చువల్ మెషీన్లు. దేని కాపురం దానిదే, గోడలు మాత్రం ఉమ్మడి. పేర్లు పెట్టింది భాయ్. బిల్లింగ్ మెషీన్ పేరు బహూ, అంటే కోడలు, ఎందుకంటే ఇంటిచాకిరీ అంతా దానిదే. ల్యాబ్ మెషీన్ దామాద్, అంటే అల్లుడు, మర్యాదలో ఏ కాస్త తేడా వచ్చినా అలుగుతుంది. అన్నిటికంటే పాతది, అందరి పాస్‌వర్డులూ సరిచూసే పెద్దది, తాతలాంటి బడేఅబ్బా.

ప్యాచ్ అంటే సాఫ్ట్‌వేర్‌లో చిల్లు పడ్డచోట కంపెనీ పంపే అతుకు. వెయ్యడం చిన్న పనే. కానీ దామాద్‌కు వెయ్యాలంటే ముందు బహూకు వెయ్యాలి, బహూకు వెయ్యాలంటే ముందు బడేఅబ్బాకు వెయ్యాలి. ఈ వరస మా ప్యాచింగ్ టూల్‌లో రాసి ఉంది. తప్పితే అది ఎర్రక్షరాలు చూపించి మొండికేస్తుంది. బడేఅబ్బాకు ప్యాచ్ వేస్తే రీస్టార్ట్ చెయ్యక తప్పదు. ఆ మాట ఎత్తితే చాలు, భాయ్ ముఖం మారిపోయేది.

"బడేఅబ్బా జోలికి పోకు బేటా. బుజుర్గ్ ఆద్మీ. ఒక్కసారి పండవెడితే మళ్ల లేస్తడో లేవడో."

అంతటితో ఆ నెల ప్యాచులన్నీ వాయిదా. పెద్దల మీద గౌరవంతో ఒక హాస్పిటల్ మొత్తం వైరస్‌లకు తలుపులు బార్లా తెరిచి కూర్చోవడం మా దగ్గరే సాధ్యం.

కొత్త మేనేజర్‌కు ఈ గౌరవం అర్థం కాలేదు. "ప్యాచ్ అన్నా వెయ్యండి, ఆ మెషీన్ అన్నా తీసెయ్యండి," అన్నాడు. భాయ్ బయటికి వెళ్ళాక నా వైపు తిరిగి, "రిటైరైన మనిషికి ఎక్స్‌టెన్షన్ ఇచ్చిందే ఆ మెషీన్ కోసం. అది పోతే ఆయనతో మనకేం పనమ్మా?" అన్నాడు.

భాయ్ భార్యకు, మా అందరి భాభీకి, డయాలసిస్ జరిగేది మా హాస్పిటల్‌లోనే, స్టాఫ్ కుటుంబం కింద ఉచితంగా. భాయ్ ఉద్యోగం పోతే భాభీ బెడ్ పోతుంది. అంటే బడేఅబ్బా చావకుండా దానికి ప్యాచ్ వెయ్యాలి. ఆ పని భాయ్ చెయ్యడు, నేనే చెయ్యాలి.

శుక్రవారం మధ్యాహ్నం భాయ్ నమాజుకు వెళ్ళాడు. వర్చువల్ మెషీన్‌తో ఉన్న సుఖమేమిటంటే, నకలు తీసి ముందు దాని మీద ప్రయోగం చేసుకోవచ్చు. నకలుకు ప్యాచ్ వేసి రీస్టార్ట్ కొట్టాను. ఏ పేచీ లేకుండా లేచి కూర్చుంది. ఇక అసలుదానికి వేసేముందు, దాన్ని వాడుకునేవాళ్ళకు ఒక మాట చెబుదామని ఎవరెవరున్నారో చూశాను.

ఎవరూ లేరు. నమ్మకం కుదరక, ఎవరెప్పుడు వాడారో నమోదయ్యే పాత లాగ్‌లు కూడా తిరగేశాను. నిమిషానికోసారి "బతికే ఉన్నావా" అని అడిగే నా సొంత ప్రోగ్రామ్ తప్ప దాన్ని పలకరించే దిక్కే లేదు. పాస్‌వర్డుల పని ఎప్పుడో ఇంకో మెషీన్‌కు మారిపోయింది. మార్చింది భాయ్. ముందు బడేఅబ్బాకే అన్న షరతును టూల్‌లో పెట్టింది కూడా ఏ కంపెనీ కాదు, భాయే, అది లేనిదే ఏదీ నడవదని అందరూ అనుకునేలా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ షరతు తప్పించుకునే దారి వెతుకుతూ ఎన్ని ఆదివారాలు తగలేశానో నాకే తెలుసు.

భాయ్ టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. నా స్క్రీన్ చూసి ఆగిపోయాడు.

"చూసినవా?"

"చూసిన భాయ్. దీంతోని ఎవ్వరికీ పని లేదు. నాకెందుకు చెప్పలె?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రేపు మీ భాభీకి డయాలసిస్ ఉంది బేటా," అన్నాడు.

అంత కోపమూ చల్లారిపోయింది. అంత తేలిగ్గా చల్లారినందుకు నా మీద నాకే చిరాకు వేసింది. ఆ సాయంత్రమే షరతు తీసేసి దామాద్‌కూ బహూకూ ప్యాచులు వేశాను. బడేఅబ్బాకు కూడా వేశాను.

సోమవారం మేనేజర్ సంతోషించాడు. "మరి ఆ పాత మెషీన్ ఆపేద్దామా?" అన్నాడు.

"ఆపితే మస్తు కష్టమైతది సార్."

ఎవరికని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. భాయ్‌కు మళ్ళీ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఏ పనీ చెయ్యని బడేఅబ్బాకు ఆనాటి నుంచి అందరికంటే ముందు ప్యాచులు పడేవి. హాస్పిటల్‌లో దానంత ఆరోగ్యంగా ఇంకేదీ ఉండేది కాదు.

భాభీ వానాకాలంలో పోయింది. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయిన మర్నాడు భాయ్ డ్యూటీకి వచ్చాడు. నన్ను పక్కకు జరగమని, నా కుర్చీలో కూర్చుని, బడేఅబ్బాను షట్‌డౌన్ చేశాడు. హాస్పిటల్‌లో ఎక్కడా ఏదీ ఆగలేదు.