ఒకే చీటీ మీద ఇద్దరి చేతిరాత

పోయిన నెలలో మా చిన్న తోటికోడలిని చూసిరావడానికి బాపట్ల నుంచి తెనాలి వెళ్లాను. రేపల్లెలో ఉండే ఆవిడ మోకాళ్ల నొప్పులకని అక్కడ ఒక ఆసుపత్రిలో చేరి నాలుగు రోజులైంది. ఇంగ్లీషు వైద్యం, ఆయుర్వేదం రెండూ ఒకేచోట చేసే ఆసుపత్రి అది. నేను నర్సుగా మొదటి పదకొండేళ్లు పనిచేసింది అక్కడే కాబట్టి, ధైర్యంగా చేరమని పంపింది కూడా నేనే. గుమ్మంలో అడుగు పెట్టగానే సెంటు కలిపిన సాంబ్రాణి పొగ ముక్కుకు కొట్టింది, దాని వెనకే మక్కిన నూనె వాసన. ఆవిడ కోసం వెతుకుతూ మర్దన గదిలోకి తొంగిచూసి బల్ల మీద చెయ్యి ఆనిస్తే రెక్సిను జిగటగా అంటుకుంది. చెయ్యి తీసి చూసుకుంటే అరచేతికి ఎవరిదో నెరిసిన వెంట్రుక.

నా ఈడు తెనాలివాళ్లకు ఆ ఆసుపత్రి పెంకుటింట్లో ఉన్న రోజులు గుర్తుండే ఉంటాయి. ఎనిమిది మంచాలు, వెనక వసారాలో కషాయాల పొయ్యి. ఆసుపత్రి పెట్టిన డాక్టరుగారి తల్లికి నడుము పట్టేసి నెలల తరబడి మంచం దిగలేకపోతే, తన మాత్రల వల్ల ఆవిడ పొట్ట పాడవడం తప్ప గుణం కనిపించడం లేదని ఆయన ఒప్పుకుని, కొల్లిపర నుంచి ఒక ఆయుర్వేద వైద్యులుగారిని పిలిపించారట. ఆవిడ మళ్లీ నడిచింది. ఆ మరుసటి ఏడు ఆ వైద్యులుగారి కూతురికి జ్వరం ముదిరితే, ఆయన తన కషాయాలు పక్కనపెట్టి పిల్లని భుజాన వేసుకుని డాక్టరుగారి గుమ్మం తొక్కారట. ఒకరి చేతకానితనాన్ని ఒకరు చూసుకున్నాక కలిసిన స్నేహం వాళ్లది. అందుకే గట్టిగా నిలిచిందని నాకనిపిస్తుంది.

నేను చేరేనాటికి వాళ్ల పద్ధతి స్థిరపడింది. రోగికి ఒకటే చీటీ. పైన డాక్టరుగారి ఇంగ్లీషు గీతలు, కింద వైద్యులుగారి గుండ్రటి తెలుగు అక్షరాలు. ఒకరు రాసింది ఇంకొకరు చదవనిదే మందు రోగి నోట్లోకి వెళ్లకూడదు. అన్నీ సజావుగా సాగేవనుకోకండి, ఒక్కోసారి రోగి ఎదుటే వాదులాడుకునేవారు, నాకు తల కొట్టేసినట్టుండేది. శుభ్రం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఒకరికి రాసిన నూనె మిగిలితే పారబోయించేవారు, దుప్పట్లు నేను దగ్గరుండి సోడాలో ఉడికించవలసిందే.

ఒక ఏడు రేపల్లె దగ్గరి ఒక పల్లె నుంచి ఒక రైతు భార్యను మంచం మీద మోసుకొచ్చారు. చక్కెర జబ్బు మనిషి, కాలి పుండుకి ఎవరో చెప్పారని ఇరవై రోజులుగా ఆకు పసరు కట్టుకుంటోంది. కట్టు విప్పేసరికి పురుగులు. ఆ కంపుకి నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకుని వచ్చాను. వచ్చి చూస్తే వైద్యులుగారు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని నల్లబడ్డ వేళ్లను ఒక్కొక్కటే చూస్తున్నారు.

"అయ్యా, కత్తి పెట్టించకండి, మీరే ఏదన్నా పసరు పొయ్యండి," అని ఆవిడ ఏడ్చింది.

"నా పసరుకి అంత శక్తి లేదమ్మా. ఉందని చెప్తే నీ ప్రాణం తీసినవాణ్ణవుతాను. డాక్టరుగారు వేళ్లు తీస్తారు, నేను నీ పక్కనే కూచుంటాను."

అన్నట్టే కూర్చున్నారు. రెండు వేళ్లు పోయాయి, కాలు దక్కింది. తరవాత ఆవిడ తిండి, నిద్ర గాడిలో పెట్టే పని డాక్టరుగారు వైద్యులుగారికే వదిలేశారు. మూడో నెలలో ఆవిడ బస్సు దిగి తనంతట తాను నడుచుకుంటూ వచ్చింది.

ఆ ఇద్దరూ పోయాక వారసులు ఆసుపత్రిని ఎవరో కంపెనీవాళ్లకు అమ్మేశారు. పెంకుటిల్లు పోయి మూడంతస్తులు లేచాయి, పేరు మాత్రం పాతదే ఉంచారు.

ఆ మూడో అంతస్తులోనే మా తోటికోడలు కనిపించింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది, పిలిస్తే మగతగా మూలిగింది. తలగడ పక్కన తేనె నీళ్లు, పండ్లరసం సీసాలు. ఆవిడకూ చక్కెర జబ్బే, రోజూ ఇన్సులిన్ పడాల్సిందే. ఎప్పుడిచ్చారని అడిగితే తెల్ల కోటు కుర్రడాక్టరు నవ్వాడు.

"అది వచ్చినరోజే ఆపించేశామండి. బాడీలో విషాలు బయటికి పోతున్నాయి, అందుకే ఈ నీరసం. కంగారు పడకండి ఆంటీ."

"షుగరు చూశారా బాబూ?"

"మా ట్రీట్‌మెంట్‌లో నంబర్లు చూడమండి."

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది. ఆవిడని తీసుకుపోతానంటే, తమ బాధ్యత లేదనే కాగితాల మీద సంతకం పెడితే గానీ పంపనన్నాడు. పెట్టి పారేసి, ఇద్దరు ఆయాల సాయంతో ఆవిడని ఆటోలో వేసుకుని ఇంకో ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి షుగరు మీటరు అంకె చూపించలేక 'హై' అని మాత్రమే చూపించింది. ఐదు రోజులు ఐసీయూలో ఉంచారు. బతికింది, కాని మూత్రపిండాలు కొంచెం దెబ్బతిన్నాయి.

ఆవిడ ఇంటికొచ్చాక రేపల్లె వెళ్లి పలకరిస్తే, ఆ తెనాలి ఆసుపత్రివాళ్లను నాలుగు తిట్టి ఇద్దరం మనసు తేలిక చేసుకుందామనుకున్న నాకు ఆవిడ నెమ్మదిగా అన్న మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటోంది.

"నీ మాట మీద చేరానక్కా. లేకపోతే ఇన్సులిన్ ఆపమంటే ఊరుకునేదాన్నా?"

కోపంగా అనలేదు, ఉన్నమాటే అంది. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో, బస్సు ప్రయాణాల్లో ఆ ఇద్దరి మంచితనం గురించి నేను చెప్పని మనిషి లేదు. అక్కడ ఇప్పుడెవరున్నారో ఒక్కసారైనా వెళ్లి చూడలేదు. ఆ కంపెనీవాళ్లు పాత పేరు ఎందుకుంచారో ఇప్పుడర్థమైంది. నాలాంటివాళ్లు ఊరూరా తిరిగి జీతం లేకుండా చాటింపు వేస్తారని. వాళ్ల మీద పుట్టిన రోతలో సగం నా మీదే. ఇవాళా ఎవరైనా మోకాళ్లు పట్టుకుని మూలిగితే ఆ పెంకుటింటి కబుర్లు నాలుక చివరిదాకా వస్తాయి. పెదవి బిగించి, మంచినీళ్లు కావాలా అని అడిగి ఊరుకుంటున్నాను.