నోటికి రాని పేరు

తెల్లదొరల కాలంలో, నా పాతికేళ్లప్పుడు, బనగానపల్లెలో మామిడిచెట్టు మీదనుంచి పడి తలకు దెబ్బ తగిలింది. గాయం వారానికే మానింది గానీ నెమ్మది రాలేదు. ఎండలోకి పోతే కళ్లు తిరిగేవి. గిన్నె చప్పుడైనా ఇంటిదాని మీద అరిచేవాణ్ణి. కూర్చోలేక, పడుకోలేక వాకిట్లో తిరిగేవాణ్ణి. అంతకన్నా ఘోరం, ఆమె పేరు మరిచిపోయినాను. మొగుడు పెండ్లాన్ని పేరు పెట్టి పిలవని కాలం గనక గుట్టు దాగింది.

మూడో నెలలో చర్చిలో మా బిడ్డకు బాప్తిస్మం. కొత్తగా వచ్చిన అయ్యగారు పుస్తకం తెరిచి, "తల్లి పేరేమప్పా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

"సిగ్గుపడతాండాడు!" అని జనం నవ్వినారు. ఆమె నవ్వలేదు. నా ముఖం చూసి, "రత్నమ్మ" అని తానే చెప్పింది.

ఇంటికి పోయే దావలో, "ఎన్నాళ్లనుంచి?" అని అడిగింది.

"పడినప్పటినుంచి."

"ముందే చెప్పింటే రోజూ గుర్తు చేస్తాంటి గదా!"

ఆ మరుసటి దినంనుంచి పొద్దున్నే సంగటి పెడుతూ తన పేరు చెప్పేది. ఒకనాడు ఆమె నోరు తెరవకముందే, "రత్నమ్మా!" అని వీధి దద్దరిల్లేలా పిలిచినాను.

"అయ్యో, వీనికి తల ఇంకా బాగుకాలేదే!" అన్నారు పక్కింటివాళ్లు. బాగైందని మా ఇద్దరికే తెలుసు.