గడియ వేసిన గది

మెడికల్ కాలేజీలో రెండేళ్లు శవాల పక్కన చదువుకున్నవాణ్ణి. దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది జరిగింది.

పందొమ్మిది వందల యాభైల్లో సంగతి. హౌస్ సర్జన్ శిక్షణలో ఉండగా నన్ను ఆత్మకూరుకూ ఉదయగిరికీ మధ్య ఒక చిన్న ఆసుపత్రికి పంపారు. అక్కడి పెద్ద డాక్టరు గారంటే నాకు ప్రాణం. రెండు రోజుల్లో వస్తానని చెప్పి ఆయన నెల్లూరు వెళ్ళారు.

ఇరవై రోజులు ఒక కాంపౌండరు తోడుతో రోగులందర్నీ ఒక్కణ్ణే చూశాను. సరిగ్గా నిద్రపోయిన రోజు లేదు. అంత దూరాన ఉన్న సీతారామపురం నుంచి నడిచొచ్చిన ముసలివాళ్ళను కూడా కసిరేవాణ్ణి.

ఇరవయ్యో రోజు ఉత్తరం వచ్చింది. ఆయనకు బదిలీ అయిందట, ఇక రారట. "నువ్వే ఒంటరిగా చూసుకుంటానన్నావని పైవాళ్ళకు చెప్పాను. కాదనకు" అని రాశాడు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది.

ఆ మధ్యాహ్నమే గొర్రెలు కాసుకునే ఒకావిడ కొడవలికి చెయ్యి తెగి వచ్చింది. నెత్తురు ధారగా కారుతోంది. కిటికీలోంచి చూశాను. చూసి కూడా, కట్టుగుడ్డలు దాచే గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాను. ఆమె మూలుగు వింటూనే నిద్రపోయాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

సాయంత్రం కాంపౌండరు తలుపు బాది లేపాడు. లోపలి గడియ వేసినట్టే ఉంది. ఆమె బతికుందా అని భయంభయంగా అడిగాను.

"ఏందయ్యా అట్లా అడగతారు? మీరే గదా కుట్టినారు! గిన్నె పట్టుకునింది నేనే గదా. మీ చొక్కా అంతా నెత్తురాయె."

చొక్కా చూసుకున్నాను. ఒక్క చుక్క లేదు.

ఎనిమిదో రోజు ఆమె కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. ముడులన్నీ ఎడమచేత్తో వేసినవి. పెద్ద డాక్టరు ఎన్ని తిట్లు తిట్టినా నేను మానని అలవాటు అది. ఆ ఆసుపత్రిలో అలా ముడి వేసేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమె నన్నే చూస్తూ ఉంది. "ఆ పొద్దు నా తల నిమిరి ఎంత నిమ్మళంగా మాట్లాడినావు నాయనా! ఇప్పుడేంది, ఎవురో కొత్తోడి మాదిరి ఉండావు?"

కుట్లు ఒక్కొక్కటే కత్తిరించి తీశాను.

నిద్రలో లేచి కుట్టి ఉంటావని తోటి డాక్టర్లు అంటారు. మరి చొక్కా సంగతేమిటంటే మాట మారుస్తారు.

పెద్ద డాక్టరు నన్నెందుకు వదిలేసి వెళ్ళాడో నాకు తెలుసు, బదిలీ కోసం. ఆయన్ని ఈనాటికీ క్షమించలేదు. ఆ మధ్యాహ్నం నా చేతులు తీసుకుని, నన్ను గదిలోనే వదిలేసి ఆమె దగ్గరికి వెళ్ళిందెవరో మాత్రం తెలియదు. పోతూ పోతూ నన్ను కూడా లేపి ఉండొచ్చు కదా.